స్వర్ణ సబ్-1 వరి విత్తనం: రెండేళ్లు వేశాక నా రివ్యూ

మాది శ్రీకాకుళం జిల్లా, వంశధార గట్టుకి దగ్గర్లో ఎకరన్నర పల్లపు మడి. గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తేరని టీవీలో స్క్రోలింగ్ వచ్చిందంటే చాలు, ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం దిగదు, అలాంటి మడి. అందుకే వరదకి తట్టుకునే ఈ విత్తనం కొన్నాను. మీ పొలం మెట్టు మీదుంటే ఇది చదవక్కర్లేదు, మామూలు స్వర్ణ వేసుకోండి.

మొదటేడు మోసపోయాను, అది ముందు చెప్పేస్తాను. టౌన్లో ఒక షాపుకెళ్లి సబ్-1 అడిగితే "ఇదే బాబూ" అని సంచిలో లూజుగా పోసి ఇచ్చేడు. ట్యాగు లేదు, బిల్లు లేదు, డిగ్రీలో బోటనీ చదివిన నేను నోరు మూసుకుని తెచ్చీసేను. ఆ ఏడు వరద రాలేదు కాబట్టి తేడా తెలీలేదు, కోతలప్పుడు చూస్తే గింజ పొట్టు బంగారు రంగులో మెరిసిపోతంది. అంటే అది 1982లో మార్టేరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన పాత స్వర్ణ, ఎంటీయూ 7029. మంచి రకమే, కాదనను, కానీ నేను డబ్బులిచ్చింది దానికి కాదు కదా.

కాబట్టి కొనేవాళ్లు ముందు చూడాల్సింది పొట్టు రంగు. అసలు సబ్-1 గింజ ఎండుగడ్డి రంగులో పాలిపోయినట్టు ఉంటాది. దీనికో కథుంది. వరదకి తట్టుకునే జీన్ వరిలో 9వ క్రోమోజోమ్ మీద ఉంది, పొట్టుకి ఆ ముదురు రంగు రాకుండా ఆపే జీన్ కూడా దాని పక్కనే ఉంది, ఒకటి తెస్తుంటే రెండోది కూడా వెనకే వచ్చీసింది. నేనైతే దీన్ని లోపం అనుకోను, దేవుడిచ్చిన సీలు అనుకుంటాను. రెండో ఏడు నీలం ట్యాగున్న సర్టిఫైడ్ బస్తా తెచ్చి, విప్పగానే గుప్పెడు తీసి ఎండలో చూసుకున్నాకే నానబెట్టేను.

ఇంక అసలు పరీక్ష. ఉభాలై, అంటే నాట్లేసి, నెల దాటింది, పిలకలు కడతంది, వంశధార పొంగింది. ఎనిమిది రోజులు మడి కనబడలేదు, ఆకు కొస కూడా కనబడలేదు. మా చిన్నాన్న మడి పక్కదే, ఆయనది మామూలు స్వర్ణ. నీళ్లు తీసేక ఆయన మడిలో మొక్కలు పొడుగ్గా సాగిపోయి బురదలో పడిపోయి ఉన్నాయి, వాసనొస్తంది. నాదీ బాగోలేదు, పసుపురంగు, బురద పూత, మా అమ్మ "మొత్తం ఎల్లిపోనాదిరా" అని గట్టు మీద కూర్చుండిపోయింది. పది రోజులాగేక మొక్క మొదట్లోంచి కొత్త ఆకు లేచింది. అన్నీ లేవలేదు, నీళ్లు ఎక్కువ నిలిచిన మూల పోయింది, మిగతాది నిలబడింది.

ఎందుకలా అని తర్వాత చదివేను. నీటిలో మునిగిన మొక్కలో ఇథిలీన్ గ్యాసు బయటికి పోలేక లోపలే పేరుకుంటాది. దాంతో మామూలు వరికి కంగారు పుట్టి పొడుగు పెంచే గిబ్బరెల్లిన్ హార్మోన్ పని మొదలెట్టి, దాచుకున్న పిండి, చక్కెర అంతా ఖర్చుపెట్టి పైకి సాగుతాది. నీళ్లు తీసేసరికి ఒంట్లో ఏమీ ఉండదు, కూలబడిపోద్ది. ఇందాక చెప్పిన వరద జీన్, దాని పేరు సబ్-1ఏ, అదే ఇథిలీన్‌కి మేలుకుని ఆ సాగడాన్ని ఆపేస్తాది. మొక్క ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటాది, అంతే. సుమారు రెండు వారాలు అలా ఉండగలదు.

దీని వెనక ఒక మనిషి ఎన్నేళ్లు పట్టుకు కూర్చున్నాడో చూస్తే నాకు ముచ్చటేసింది. డేవిడ్ మాకిల్ అనే వరి శాస్త్రవేత్త అమెరికాలో, కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ఉండగా, స్టూడెంట్ కెనాంగ్ షూతో కలిసి 1996లో ఆ జీన్ ఏ క్రోమోజోమ్ మీదుందో పట్టేరు. కచ్చితంగా ఏ జీనో తేలేసరికి 2006 అయింది, పమేలా రోనాల్డ్, జూలియా బెయిలీ-సెర్రెస్ కూడా ఆ పనిలో ఉన్నారు. పదేళ్లు ఒక్క జీన్ కోసం! మనం పదో రోజుకే మడి దున్నీద్దామనుకున్నాం. దాన్ని స్వర్ణలోకి ఎలా ఎక్కించేరో చెప్పిన 2007 పేపర్లో మొదటి పేరు మన హైదరాబాద్ వరి పరిశోధన సంస్థలో పనిచేసిన సి.ఎన్. నీరజ గారిది. మన దేశంలో 2009లో విడుదలైంది. ఇంకో ఇది ఏటంటే, ఆ జీన్ పుట్టిల్లు ఒడిశా, ఎఫ్‌ఆర్ 13ఏ అనే నాటు రకంలోది. ఇచ్ఛాపురం దాటితే వచ్చే ఒడిశాలో పుట్టి, కాలిఫోర్నియా, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తిరిగి మళ్లీ మన మడిలోకి వచ్చింది. జీఎం, అంటే జన్యుమార్పిడి పంట, అని మా ఊళ్లో కొందరు భయపెట్టేరు, కాదు, మామూలు సంకరమే, పిల్ల మొక్కల్లో ఆ జీన్ వచ్చిందో లేదో డీఎన్‌ఏ గుర్తులు చూసి ఏరుకున్నారు.

ఇప్పుడు తిట్లు. నీళ్లు వచ్చి పోయే చోటికే ఇది. మోకాటి లోతు నీరు నెలల తరబడి తీయని మడిలో పనిచేయదు, సాగకుండా కూర్చోడమే అక్కడ దెబ్బ. పూత మీద ములిగినా ఆశ పెట్టుకోవద్దు. పంట కాలం 140 రోజుల పైమాట, కాబట్టి డిసెంబర్ తుఫాను భయం ఎలాగూ తప్పదు. అన్నం రుచి స్వర్ణలాగే, సన్నాలు తినేవాళ్లకి నచ్చదు. అన్నిటికంటే చిరాకు, కళ్లం దగ్గర బేరం. వ్యాపారి గుప్పిట్లో పట్టుకుని "రంగు లేదు, ఇది స్వర్ణేటి" అని 80 కిలోల బస్తాకి రేటు కోసేడు. బియ్యం ఆడించి చూపించినా వినలేదు.

ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒక్కటి కోత వ్యాపారి పుణ్యం. హైబ్రిడ్ కాదు కాబట్టి ఇంటి గింజలే విత్తనానికి దాచుకోవచ్చు. వేసేటప్పుడు "రంగు లేని స్వర్ణేట్రా, తాలు తెచ్చీసినావా" అని నవ్విన చిన్నాన్నే ఈ ఏడు నా దగ్గర ఒక బస్తా పట్టుకెళ్లేడు. డబ్బులింకా ఇవ్వలేదు.