ఆన్‌లైన్‌లో బిజినెస్ స్ట్రాటజీ: సబ్జెక్ట్ మీద ఇష్టం పెరిగింది, పీర్ గ్రేడింగ్ మీద కోపం మాత్రం తగ్గలేదు

ఆన్‌లైన్ యూనివర్సిటీ కోర్సులో స్ట్రాటజీ చదవొచ్చా అని అడిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. సిలబస్, ఎన్ని వారాలు, సర్టిఫికెట్ ఎలా ఉంటుంది ఇవన్నీ కోర్సు పేజీలోనే ఉంటాయి, వాటి జోలికి వెళ్ళను. మొదటి మాడ్యూల్ నుంచి ఫైనల్ ప్రాజెక్ట్ దాకా పూర్తి చేశాను, ఇప్పుడు దాని తర్వాతి కోర్సు కూడా చేస్తున్నా, కాబట్టి మొదటి వారం ఉత్సాహంలో రాసిన రివ్యూ కాదు. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఒక్కటే, పీర్ గ్రేడింగ్. మనం రాసిన కేస్ అనాలిసిస్‌ని (ఒక కంపెనీ కథ ఇచ్చి విశ్లేషించమంటారు) ప్రొఫెసరో ట్యూటరో కాకుండా మనతోపాటు చదువుతున్న ముగ్గురు దిద్దుతారు, వాళ్ళు వేసిందే మన మార్కు. వేరే సబ్జెక్టుల్లో ఎలా ఉంటుందో గానీ స్ట్రాటజీకి మాత్రం ఇది అస్సలు పనికిరాదు.

ముందు బాగున్నవి చెప్పేస్తా. వీడియోలు నిజంగా బాగున్నాయి. హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ పోర్టర్ 1979లో రాసిన ఫైవ్ ఫోర్సెస్ (ఒక పరిశ్రమలో లాభాన్ని నిర్ణయించే ఐదు శక్తులు: పోటీదారులు, కొత్తగా వచ్చేవాళ్ళు, ప్రత్యామ్నాయాలు, కొనేవాళ్ళు, సప్లయర్లు) గురించి వినని ఎంబీఏ వాళ్ళు ఉండరు, నేను కూడా పేరు వినే ఉన్నా, కానీ దాన్ని ఒక్కో ఫోర్స్‌గా విడదీసి "ఇక్కడ లాభం ఎవరి చేతికి పోతోంది" అనే ప్రశ్నతో చూపిస్తే వేరేగా ఉంటుంది. నేను పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తా. మాకు ఒక సప్లయర్ ఉన్నాడు, కాంట్రాక్ట్ రెన్యువల్ వచ్చిందంటే రేటు పెంచకుండా ఒప్పుకోడు, ఫైల్‌లో ఆయన గురించి ఎప్పుడూ "నెగోషియేషన్ కష్టం" అనే రాసి ఉంటుంది. సప్లయర్ పవర్ లెక్చర్ విన్నాక అర్థమైంది ఏంటంటే విషయం ఆయన స్వభావంలో లేదు. మా మెషిన్లన్నీ ఆయన ఇచ్చే గ్రేడ్ మెటీరియల్‌కే సెట్ చేసి ఉన్నాయి, ఇంకొకరి దగ్గర కొనాలంటే మళ్ళీ ట్రయల్ రన్లు, క్వాలిటీ అప్రూవల్స్, నెలలు పడుతుంది, ఆ సంగతి ఆయనకి మా కంటే బాగా తెలుసు. స్విచింగ్ కాస్ట్ అంటే అదే. దాంతో రేటు గురించి మాట్లాడటం పక్కన పెట్టి ముందు రెండో సప్లయర్‌కి అప్రూవల్ తెచ్చుకున్నాం, తర్వాతి రెన్యువల్ మీటింగ్‌లో మాట తీరే మారిపోయింది.

అమెరికాలో చవక టికెట్లకి పేరున్న సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ పాఠం కూడా చాలా బాగా చెప్పారు. 1971లో విమానాలు నడపడం మొదలుపెట్టారు, ఒకే రకం విమానం బోయింగ్ 737, అప్పట్లో భోజనాలు ఉండేవి కావు, సీటు నంబర్లు ఉండేవి కావు, దిగిన విమానం గేటు దగ్గర కొద్ది నిమిషాలే ఉండి మళ్ళీ ఎగిరిపోవాలి. వీటిలో ఏ ఒక్కదాన్నైనా ఎవరైనా కాపీ కొట్టొచ్చు. కాంటినెంటల్ అనే ఇంకో అమెరికన్ ఎయిర్‌లైన్ వాళ్ళు ఒకవైపు తమ మామూలు సర్వీస్ నడుపుతూనే 1993లో కాంటినెంటల్ లైట్ అని ఇదే పద్ధతిలో ఇంకోటి మొదలుపెట్టారు, 1995కల్లా మూసేశారు. రెండూ కావాలనుకుంటే రెండింటి ఖర్చూ నెత్తిన పడుతుంది, అందుకే ఏం చేయకూడదో తేల్చుకోవడమే స్ట్రాటజీ అని ఆ లెక్చర్ సారాంశం. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నా గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

తర్వాత కెమెరా ఫిల్మ్ కంపెనీ కొడాక్ కేస్ వచ్చింది. అసైన్‌మెంట్ ఏంటంటే కంపెనీ ఎందుకు దెబ్బతింది, మీరైతే ఏం సిఫార్సు చేస్తారు, ఒక మెమో రాయండి అని. అందరూ చెప్పే కథ డిజిటల్‌ని పట్టించుకోలేదు, మునిగిపోయారు అని. కానీ కేస్ పేపర్లు, బయట దొరికినవి చదివితే అది పూర్తి నిజం కాదు. డిజిటల్ కెమెరా మొదట తయారుచేసిందే కొడాక్ ఇంజనీర్ స్టీవ్ సాసన్, 1975లో. 2001లో ఓఫోటో అనే ఆన్‌లైన్ ఫొటో సైట్‌ని కొన్నారు. 2005లో అమెరికాలో డిజిటల్ కెమెరాల అమ్మకాల్లో మొదటి స్థానంలో ఉన్నది వాళ్ళే. మరి పట్టించుకోలేదని ఎలా అంటాం? నేను రాసింది ఏంటంటే అసలు తేడా లాభం వచ్చే చోటులో ఉంది. ఫిల్మ్ రోజుల్లో కెమెరా ఒకసారి కొంటారు, ఫిల్మ్, పేపర్, కెమికల్స్ మాత్రం జీవితాంతం కొంటూనే ఉంటారు. ఫిల్మ్ మీద పలుచటి పొరలు ఒకదాని మీద ఒకటి కోటింగ్ చేయడం చాలా కష్టమైన పని, అది చేయగలిగిన కంపెనీలు ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, కాబట్టి కొత్తవాళ్ళు రాలేరు. డిజిటల్‌లో సెన్సర్ బయట కొనుక్కుని ఏ ఎలక్ట్రానిక్స్ కంపెనీ అయినా కెమెరా చేసేస్తుంది, ఆ మీద ఫోన్లు వచ్చాయి. కొత్తవాళ్ళని ఆపే గోడ కూలిపోయిన చోట ఎంత బాగా పరిగెత్తినా లాభం ఉండదు. అందుకని నా సిఫార్సు ఒక్కటే, కెమెరాల వెంట పడొద్దు, కోటింగ్, కెమిస్ట్రీలో ఉన్న నైపుణ్యాన్ని వేరే పరిశ్రమలకి తీసుకెళ్ళండి అని. కొడాక్‌కి పోటీగా ఉన్న జపాన్ కంపెనీ ఫ్యూజీఫిల్మ్ చేసింది దాదాపు అదే, ఎల్‌సీడీ స్క్రీన్లకి ఫిల్ములు, చర్మ సంరక్షణ క్రీములు, ఇలా వెళ్ళింది, 2012 జనవరిలో కొడాక్ దివాలా పిటిషన్ వేసేనాటికి వాళ్ళు నిలబడే ఉన్నారు.

గ్రేడ్ వచ్చింది, ఫెయిల్. ఎందుకు అని తెరిచి చూస్తే రూబ్రిక్‌లో (ఏ పాయింట్‌కి మార్కులు వేయాలో దిద్దేవాళ్ళకి చెప్పే పట్టిక) లైన్లు ఇలా ఉన్నాయి: ముఖ్య కారణం గుర్తించారా, స్వాట్ (బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు) నాలుగు గడులూ నింపారా, కనీసం మూడు సిఫార్సులు ఇచ్చారా. మొదటి లైన్‌కి ఇద్దరు సున్నా వేశారు. ఒకరి కామెంట్, "డిజిటల్‌ని ఇగ్నోర్ చేయడమే కారణం, మీరు వేరే రాశారు". ఇంకొకరు కామెంటే రాయలేదు. మూడో వ్యక్తి అన్నిటికీ ఫుల్ మార్కులు వేసి "నైస్ వర్క్" అని వదిలేశారు, అది కూడా చదివి వేసినట్టు నాకు అనిపించలేదు. సిఫార్సు ఒక్కటే ఉంది కాబట్టి అక్కడ కూడా మార్కులు పోయాయి. సపోర్ట్‌కి రాస్తే పీర్ గ్రేడ్‌లని స్టాఫ్ మార్చరు, మళ్ళీ సబ్మిట్ చేసుకోండి అని రెడీమేడ్ జవాబు.

మళ్ళీ సబ్మిట్ చేశా. మెమోలో ఒక్క పేరా మార్చలేదు, కింద ఒక స్వాట్ టేబుల్ అతికించి ఇంకో రెండు సిఫార్సులు రాశా. అందులో ఒకటి కెమెరాల్లో పెట్టుబడి పెంచాలి అని, అంటే పైన నేను వద్దన్న పనే. ఈసారి కొత్త ముగ్గురు దాదాపు పూర్తి మార్కులు వేశారు, ఒకదానికొకటి పొసగట్లేదని ఒక్కరూ అనలేదు. నాకు మార్కులు వచ్చిన ఆనందం కూడా లేదు అప్పుడు. వదిలేయాల్సింది వదిలేయడం నేర్పే కోర్సు, ఏదీ వదలని వాళ్ళకి మార్కులు వేస్తోంది. ఇలా అయితే తెలివైన స్టూడెంట్ నేర్చుకునేది గడులు నింపడమే, రేపు ఆఫీసులో కూడా అదే చేస్తారు, పదిహేను ప్రాధాన్యతలతో పీపీటీ.

దిద్దినవాళ్ళని తప్పుపట్టట్లేదు. వాళ్ళు కూడా ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్ళు కూర్చునే వాళ్ళే, ముగ్గురివి దిద్దితే గానీ మన గ్రేడ్ కనిపించదు కాబట్టి గబగబా దిద్దేస్తారు. కోడింగ్ అయితే ప్రోగ్రామ్ నడుస్తుందో లేదో ఎవరైనా చూడగలరు. స్ట్రాటజీలో వాదన నిలుస్తుందా అని చూడాలి, దానికి సబ్జెక్ట్ తెలిసిన మనిషి కావాలి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో 1920లలో కేస్ మెథడ్ (కంపెనీ కేసులతో నేర్పే పద్ధతి) పాతుకుపోయింది అంటే దానికి ప్రాణం క్లాసులో జరిగే చర్చ, ఒకరు ఒకటి అంటే ప్రొఫెసర్ దాన్ని ఇంకొకరి మీదకి తిప్పడం. ఇక్కడ కేస్ ఉంచారు, చర్చ తీసేశారు, దాని చోట చెక్‌లిస్ట్ పెట్టారు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. అదే కొడాక్ కేస్‌లో నాకు దిద్దడానికి వచ్చిన వాటిలో ఒక మెమో రాసిన వ్యక్తి ఫొటో ల్యాబ్‌లో పనిచేసినవాళ్ళు. రోల్ ఇవ్వడానికి ఒకసారి, ప్రింట్లు తీసుకోవడానికి ఇంకోసారి కస్టమర్ షాపుకి రెండుసార్లు వచ్చేవాడు, ఆ రెండు రాకల మీదే షాపులు బతికాయి, డిజిటల్ వచ్చాక ఆ రెండూ పోయాయి, దాంతో కొడాక్ ఏళ్ళ తరబడి కట్టుకున్న షాపుల నెట్‌వర్క్ బలం కాస్తా ఎందుకూ కొరగాకుండా పోయింది అని రాశారు. ఇది వీడియోలో లేదు, కేస్ పేపర్‌లో లేదు, నా మెమోలో అసలే లేదు. చాలా పెద్ద కామెంట్ రాశాను, కానీ పేర్లు కనపడవు కాబట్టి ఆ వ్యక్తితో మాట కలిపే దారే లేదు. అందుకే ఒకరివి ఒకరు చదవడం తీసేయమని నేను అనను, మార్కులు మాత్రం వాళ్ళ చేతిలో పెట్టొద్దు అంటున్నా.

వీడియోలు బాగున్నాయి అన్నాను కదా, అది ఇప్పటికీ అంటాను, కాకపోతే కేసులన్నీ ముగింపు తెలిసినవే. ఎవరు గెలిచారో ముందే తెలిశాక ఏ కారణం చెప్పినా కరెక్టే అనిపిస్తుంది. ఈ విషయం నేరుగా మాట్లాడింది హోండా పాఠం ఒక్కటే. 1959లో అమెరికా వెళ్ళిన హోండా పెద్ద బైకులు అమ్మాలనుకుంటే చిన్న 50 సీసీ బండి అమ్ముడుపోయింది. 1975లో బీసీజీ అనే కన్సల్టింగ్ సంస్థ రిపోర్ట్ దాన్ని పకడ్బందీ ప్లాన్‌లా చూపిస్తే, 1984లో మేనేజ్‌మెంట్ పరిశోధకుడు రిచర్డ్ పాస్కేల్ ఆ హోండా మేనేజర్లతోనే మాట్లాడి అదేం కాదు, దారిలో నేర్చుకుంటూ వెళ్ళారు అని రాశారు. కోర్సు మొత్తంలో బెస్ట్ పాఠం ఇదే, దాన్ని తీసుకెళ్ళి ఆప్షనల్ రీడింగ్‌లో పడేశారు. మా సప్లయర్ సంగతి కూడా అంతే, ఐడియా కోర్సు నుంచి వచ్చిన మాట నిజం, కానీ మా క్వాలిటీ హెడ్ అంతకుముందు నుంచే రెండో సప్లయర్ కావాలని అడుగుతున్నారు కాబట్టే అప్రూవల్ అంత తొందరగా అయింది.

ఇప్పుడు చేస్తున్న కోర్సులో ట్యూటరే దిద్దుతారు. కామెంట్ ఒక లైనే ఉంటుంది, "దీనివల్ల ఎవరికి నష్టం, వాళ్ళు ఊరుకుంటారా?" లాంటిది, కానీ ఆ లైన్ వల్ల నేను మెమో సగం తిరగరాశాను.

నాకు ఉద్యోగం ఉంది, ఈ సర్టిఫికెట్ ఎవరికీ చూపించాల్సిన పని లేదు, మార్కులు పోయినా నేర్చుకున్నది మిగిలింది, కాబట్టి నా వరకు చేయొచ్చు అనే చెప్తా. ఈ క్రెడిట్లు డిగ్రీలో కలుస్తాయి, గ్రేడ్ మీద ఇంకేదో ఆధారపడి ఉంది అంటే మాత్రం చేరేముందు గ్రేడింగ్ ఎవరు చేస్తారు, అప్పీల్ ఉందా అనే రెండూ కనుక్కోండి, ఉంటే రూబ్రిక్ శాంపిల్ కూడా అడగండి. అయినా చేరాలనుకుంటే అసైన్‌మెంట్లు ఆఖరి రోజు దాకా ఉంచకుండా ముందే సబ్మిట్ చేయండి, నాకైనట్టు మళ్ళీ పెట్టాల్సి వస్తే కొత్తవాళ్ళు దిద్దేదాకా వెయిట్ చేయడానికి టైమ్ మిగులుతుంది.