1971 షెవర్లే సి-10కి కొత్త రేకు, పాత రేకు: ఏళ్ల వాడకం తర్వాత

నా 1971 షెవర్లే సి-10 పికప్‌కు ఎడమవైపు ముందు మడ్‌గార్డు జనరల్ మోటార్స్ తన కాలంలో అచ్చువేసిన పాత రేకు. కుడివైపుది విడిభాగాల వ్యాపారులు ఇప్పుడు తయారుచేయించి అమ్ముతున్న కొత్త రేకు. రెండింటికీ ఒకే రోజున రంగు వేయించాను, రెండూ డాలస్ ఎండలోనే ఇన్నేళ్లుగా తిరుగుతున్నాయి. ఈ బండి ఇంజిన్, గేరుబాక్సు, బ్రేకుల సంగతి చాలామంది రాశారు, వాటి భాగాలు నేటికీ తేలికగా దొరుకుతాయి కనుక వాటి జోలికి వెళ్లను. నన్ను నిజంగా బాధపెట్టిందీ, ఆ తర్వాత అంతకంటే ఎక్కువగా సంతోషపెట్టిందీ ఆ ఎడమ మడ్‌గార్డు ఒక్కటే.

1967 నుంచి 1972 వరకు వచ్చిన ఈ తరం షెవర్లే పికప్‌ల అందమంతా పక్క గీతలో ఉంది. ముందు మడ్‌గార్డు మీద మొదలైన మడత తలుపు మీదుగా సాగి వెనుక తొట్టి చివరి దాకా వెళుతుంది. మడ్‌గార్డుకూ తలుపుకూ మధ్య సందు కాస్త ఎక్కువ తక్కువలుగా ఉన్నా చూసేవారి కంటికి ఆనదు గాని, ఆ గీత తలుపు దగ్గర కొద్దిగా కిందికి దిగినా బండి నడుము విరిగినట్టు కనిపిస్తుంది.

ఎడమవైపు అప్పటికి ఉన్న మడ్‌గార్డు కింది భాగం తుప్పుతో రాలిపోయి ఉండడంతో మొదట రెండు వైపులకూ కొత్తవే తెప్పించాను. నల్లటి ప్రైమరు పూతతో, శుభ్రంగా కట్టి వచ్చాయి. కుడివైపుది కొద్దిపాటి సర్దుబాటుతో కుదిరింది. ఎడమవైపుది మాత్రం ఎంత ప్రయత్నించినా కుదరలేదు. బానెట్ అంచుకు సరిచేస్తే తలుపు దగ్గర గీత కిందికి దిగేది. గీతను కలిపితే బానెట్ పక్కన సందు వెడల్పయ్యేది. రెండింటినీ నడిమధ్యకు తెస్తే కింది మూల తలుపు అంచును రాసుకునేది. తప్పు మడ్‌గార్డుదేనని తేల్చుకునే ముందు చూడవలసినవన్నీ చూశాను. క్యాబిన్ కింది రబ్బరు బుష్‌లు, రేడియేటర్ సపోర్టు కింది బుష్‌లు అణగిపోతే బండి ముందు భాగమంతా ఒరుగుతుంది కాబట్టి వాటిని మార్చాను. తలుపు కీళ్ల పిన్నులు కూడా కొత్తవి వేశాను. ముందు అద్దం కింది రేకు (కౌల్) దగ్గరా, తలుపు కింద ఉండే రాకర్ ప్యానెల్ మొన దగ్గరా షిమ్‌లు, అంటే ఎత్తు సరిచేసే పల్చటి రేకు ముక్కలు, పెట్టీ తీసీ చూశాను. ఆ మీదట మిగిలింది బోల్టు రంధ్రాలను సాగదీయడం, అంచును కోసి మళ్లీ వెల్డింగ్ చేయడం. కొత్త భాగం కొనేదే ఆ పని తప్పించుకోవడానికి కదా! అమ్మినవారు పెట్టెలో వేసి తిప్పి పంపమన్నారు గాని, అంత పెద్ద రేకు రవాణా ఖర్చు నాదేనన్నారు. ఆ కష్టం నాకు చాలాకాలం మనసులో ఉండిపోయింది.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ క్యాబిన్లు కట్టే పనివారిని చూస్తూ పెరిగినవాణ్ణి నేను. అక్కడ రేకును బండి మీద పెట్టి, కొలిచి, కోసి, కొట్టి, ఆ ఒక్క బండికి సరిపడేలా తయారుచేస్తారు. సరిపోకపోవడమనే ప్రశ్నే రాదు. అమెరికాలో టింకరు పనికి గంటల లెక్కన కట్టే కూలీ చాలా ఎక్కువ. అందువల్ల భాగం ధర చవకగా కనిపించినా, దానిని కుదిర్చే గంటలు కలుపుకుంటే ఆ చవక నిలవదు. కొనేవారు ధరల పట్టికను కాక ఈ మొత్తాన్ని చూడాలని నా అభిప్రాయం.

ఇక పాత రేకు వెతకడం మొదలుపెట్టాను. ఈ తరంలో మడ్‌గార్డులన్నీ ఒకటి కావు. 1967 వాటికి పక్క దీపం ఉండదు, అది 1968లో వచ్చింది. 1969లో ముందు భాగం, బానెట్ మారాయి. కాబట్టి నా బండికి 1969 నుంచి 1972 మధ్య వచ్చినది కావాలి. ఫోర్ట్‌వర్త్ స్పీడ్‌వే మైదానంలో ఏటా జరిగే పాత బండ్ల విడిభాగాల సంత పేట్ స్వాప్ మీట్‌లో కొన్ని కనిపించాయి గాని, వాటిలో చాలావాటికి రంగు కింద మందంగా పుట్టీ ఉంది. అయస్కాంతం పెట్టి చూస్తే అది పట్టుకోని చోటే మోసం బయటపడుతుంది. చివరికి న్యూ మెక్సికో తూర్పు వైపున, వాన తక్కువ పడే నేల మీద ఉన్న ఒక తుక్కు యార్డులో నాకు కావలసింది దొరికింది. అలాంటి చోట రబ్బరు, సీట్లు, డ్యాష్‌బోర్డు ఎండకు పేలిపోయి ఉంటాయి గాని, రేకు మాత్రం గట్టిగా ఉంటుంది. నా తలుపు ముందు అంచునూ, అక్కడ గీత ఎత్తునూ అట్ట మీద గీసి, కత్తిరించి వెంట తీసుకువెళ్లాను. దుమ్ము పట్టి, దీపం పక్కన సొట్టతో ఉన్న ఆ మడ్‌గార్డు వెనుక అంచుకు అట్టను ఆనిస్తే గీత గీతతో కలిసింది. అంత ఆనందం ఈ బండి విషయంలో నాకు ఇంజిన్ మొదటిసారి స్టార్టయిన రోజున కూడా కలగలేదు.

ఇంటికి తెచ్చి బిగిస్తే, పాత బోల్టు రంధ్రాల్లోనే, ఒకే ఒక్క షిమ్‌తో కూర్చుంది. పని లేకపోలేదు. సొట్ట లాగించవలసి వచ్చింది, పక్క పట్టీ బిగించే రంధ్రాలు నా సాదా మోడల్‌కు అక్కరలేదు కనుక వాటిని వెల్డింగ్‌తో మూయించాను. అయినా ఆ ఖర్చంతా కలిపినా కొత్త మడ్‌గార్డు కోసం వృథా అయిన కూలీ కంటే తక్కువే. నేటికీ తలుపు తెరిచి మూసినప్పుడల్లా ఆ సందు పై నుంచి కింది వరకు ఒకే వెడల్పున ఉండడం చూస్తే మనసు నిండుతుంది.

వెల్డింగ్‌తో అతికే భాగాల మాట వేరు. రాకర్ ప్యానెళ్లు, క్యాబిన్ వెనుక మూలలు, నేల రేకులు కొత్తవే వేయించాను, వాటిని మొదట్లో చాలామందికి గట్టిగా సిఫారసు చేశాను. కొలతల విషయంలో ఆ మాట ఇప్పటికీ నిలుస్తుంది. తలుపులు బిగించి ఉంచి, తలుపు సందులో అడ్డంగా ఊతకడ్డీలు వెల్డింగ్ చేసి, ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు కోస్తే అవి బాగానే కుదురుతాయి. ఈ బండ్లలో పెట్రోలు ట్యాంకు సీటు వెనుక క్యాబిన్‌లోనే ఉంటుంది కాబట్టి, మూలలు అతికే ముందు దానిని పూర్తిగా బయటికి తీయించడం తప్పనిసరి. మన్నిక గురించి మాత్రం అప్పట్లో అన్నంత ధీమాగా ఇప్పుడు చెప్పలేను. ఎడమ మూల కింద, అతుకు వెంబడి, రంగు బుడగలు కడుతోంది. నల్లటి పూత బయట ఉన్నంత కాలం రేకును కాపాడుతుంది గాని, వెల్డింగ్ వేడికి లోపలివైపు అది కాలిపోతుంది, అక్కడికి బ్రష్ వెళ్లదు. పైగా అద్దం కింద గాలి లోపలికి వచ్చే కౌల్ చీలికల్లో ఆకులు చేరితే, వాన నీళ్లు దిగే దారి మూసుకుని, తడి మట్టి కాళ్ల పక్కన రేకుల మధ్య నిలిచి రాకర్‌ను లోపలి నుంచి తింటుంది. బయటి రేకు ఎవరు తయారుచేసినా ఆ నీటి దారి మూసుకుంటే నిలవదు. కుడివైపు బోలు భాగంలోకి సన్నని గొట్టంతో మైనపు పూత కొట్టించాను, అటువైపు ఇంతవరకు చెక్కుచెదరలేదు.

బానెట్, టెయిల్‌గేట్ కొత్తవి తీసుకున్నా నాకు ఫిర్యాదు లేదు. పొట్టి తొట్టి పక్క రేకులు మాత్రం గిరాకీ ఎక్కువ కావడం వల్ల పాతవి దొరకడమే కష్టం, దొరికినా ధర మండిపోతుంది.

నా పరిస్థితులు నావి. డాలస్‌లో చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లడం అరుదు, బండి షెడ్డులో ఉంటుంది, వారాంతాల్లోనే తీస్తాను, ఎండు రాష్ట్రాలకు ఒక రోజు ప్రయాణంలో వెళ్లిరాగలను. డెట్రాయిట్‌లోనో షికాగోలోనో ఉండి, ఈ బండితోనే రోజూ పనికి వెళ్లే మనవారికి దగ్గరలో మంచి పాత రేకు దొరకకపోవచ్చు; అప్పుడు కొత్తది కొనడమే సరైనది కావచ్చు. కొంటే మాత్రం, రంగు వేయక ముందే బానెట్, తలుపు, మడ్‌గార్డు మూడింటినీ బండి మీద బిగించి, గీత కలిసిందో లేదో చూసుకుని, తిప్పి పంపే గడువు దాటక ముందే నిర్ణయించుకోండి. కుడివైపు కొత్త మడ్‌గార్డును నేను మార్చదలచుకోలేదు. అది కుదిరింది, రంగు నిలిచింది, ఇప్పటిదాకా తుప్పు లేదు. అయినా న్యూ మెక్సికో వైపు ఎప్పుడు వెళ్లినా కుడివైపు తలుపు అంచు గీసిన అట్టముక్కను బండిలో వేసుకునే వెళతాను.