ఖరీదైన కార్ట్రిడ్జ్ కొనాలా? ఆరేళ్లు వాడాక నాకు తెలిసింది

మా ఇంట్లో నాన్న కొన్న రికార్డులు 200 పైనే ఉన్నాయి, చాలావరకు 45 స్పీడు సినిమా పాటల ఈపీలు, ఓ 40 దాకా ఎల్పీలు. నేను హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో ఏరుకొచ్చినవి ఇంకో వంద. ఆరేళ్లుగా రోజుకి గంటో గంటన్నరో వింటున్నా, ఈలోపు కార్ట్రిడ్జ్‌లు, అంటే ప్లేయర్ చేతి చివర ముల్లు ఉండే చిన్న భాగం, మూడు రకాలు మార్చా, ఒకటి చవకది, ఒకటి మధ్యరకం, ఒకటి సెకండ్ హ్యాండ్‌లో 85,000 పెట్టి కొన్న మూవింగ్ కాయిల్, అంటే ముల్లుతో పాటు సన్న తీగ చుట్టలు కదిలే రకం. ముందే చెప్పేస్తా, మధ్యరకం దాకా పెట్టిన ప్రతి రూపాయీ చెవికి తెలిసింది, ఆ పైన పెట్టింది తెలియలేదు.

మొదలెట్టింది ఆడియో-టెక్నికా వీఎం95ఈ తో. ఆ ధరకి చాలా మంచిది, అందులో అనుమానం లేదు. కానీ ఎల్పీ సైడు చివరి పాటకొచ్చేసరికి సుశీలమ్మ గొంతులో స, శ, ష వచ్చిన చోటల్లా బుసకొట్టేది, ప్లేటు అరిగిపోయిందేమో అనుకుని అలాగే వినేవాణ్ణి. అసలు సంగతి ఏంటంటే ప్లేటు ఎప్పుడూ నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది, కానీ బయటి అంచులో ముల్లు కింద గాడి సెకనుకి 51 సెం.మీ. దాకా జరిగితే లేబుల్ దగ్గరకొచ్చేసరికి 21 సెం.మీ.యే జరుగుతుంది, అంటే అదే పాటని సగం కన్నా తక్కువ జాగాలో ఇరికించి చెక్కినట్టు. ఆ సన్న మెలికల్లోకి మామూలు ఎలిప్టికల్ ముల్లు, అంటే కోలగా చెక్కిన మొన, పూర్తిగా దూరలేదు.

వీఎం95 సిరీస్‌లో నాకు బాగా నచ్చింది ఇదే, బాడీ అన్నిటికీ ఒకటే, ముల్లు లాగేసి ఇంకోటి దోపేసుకోవచ్చు, 78 స్పీడు లక్క ప్లేట్ల కోసం లావు ముల్లు కూడా ఉంది. నేను ఇంకా సన్న మొన ఉండే మైక్రోలీనియర్ ముల్లు, అదే ఎంఎల్, తెప్పించి పెట్టా. చివరి పాటలో బుస దాదాపు పోయింది!! అరిగాయనుకున్న ఓ పది పదిహేను ప్లేట్లు శుభ్రంగా పాడాయి, ఎందుకంటే ఈ ముల్లు గాడి గోడని వేరే ఎత్తుల్లో కూడా తాకుతుంది, పాత సూట్‌కేస్ ప్లేయర్ల ముళ్లు అరగదీయని భాగం కొన్నిసార్లు దీనికి దొరుకుతుంది. మరీ గీతలు పడి తెల్లబారిన వాటికి ఏ ముల్లూ ఏం చెయ్యలేదు, అది వేరే విషయం.

ధర చూస్తే నేను కొన్నప్పుడు వీఎం95ఈ కన్నా రెండున్నర మూడు రెట్లు. కానీ కంపెనీ చెప్పే ఆయుష్షు ఎలిప్టికల్‌కి 300 గంటలు, మైక్రోలీనియర్‌కి 1000 గంటలు. గంట లెక్కన చూస్తే రెండూ ఒకటే ఖర్చు, పైగా ఎంఎల్ మంచి సౌండ్ ఇస్తోంది, ఇంక ఆలోచించేదేముంది. అరిగిన ముల్లుతో ప్లేట్లు పాడైతే నాన్న రికార్డులు మళ్లీ ఎక్కడ తెచ్చేది?

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా, సన్న ముల్లు సెటప్ సరిగ్గా లేకపోతే ఊరుకోదు. మొదటి వారం నేను కంటి అంచనాతో బిగించేస్తే వీఎం95ఈ కన్నా ఘోరంగా వినిపించింది. తర్వాత ప్రొట్రాక్టర్ (కోణం చూసుకునే గీతల అట్ట) పెట్టి స్పిండిల్ (ప్లేటు మధ్యలో దూరే కడ్డీ) నుంచి 66 మి.మీ., 121 మి.మీ. దగ్గర కార్ట్రిడ్జ్ వంకర లేకుండా సరిచూసుకుని, చిన్న డిజిటల్ స్కేల్‌తో ముల్లు ప్లేటు మీద మోపే బరువు కచ్చితంగా 2 గ్రాములు పెట్టా, అప్పుడు కుదిరింది. ఈ రెండు సామాన్లూ వందల్లో వచ్చేస్తాయి, కార్ట్రిడ్జ్ మార్చే ముందు ఇవి కొనండి.

ఇక ఆ 85,000 ది. ఔట్‌పుట్ 0.3 మిల్లీవోల్టులు, ఎంఎల్ ది 3.5, కాబట్టి ఉన్న ఫోనో స్టేజ్ (కార్ట్రిడ్జ్ సిగ్నల్‌ని పెంచే పెట్టె) చాలక అది కూడా కొత్తది కొనాల్సొచ్చింది. బాగా అచ్చుపోసిన కచేరీ ఎల్పీల్లో తేడా ఉంది, వీణ మీటాక నాదం సన్నగా సాగి ఆగిపోయే తీరు, మృదంగం తొప్పి దెబ్బ నిండుగా రావడం, అవి విని నాకు ఒళ్లు పులకరించింది నిజమే. కానీ మావి ఎక్కువ సినిమా ఈపీలు, వాటిల్లో నాకేం దొరకలేదు. రెండు హెడ్‌షెల్‌లలో (కార్ట్రిడ్జ్ బిగించే, ఊడదీసి మార్చుకునే తొడుగులు) బిగించి, వాల్యూమ్ సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా తమ్ముడికి వినిపిస్తే వీఎం95ఈ కీ ఎంఎల్ కీ తేడా ప్రతిసారీ పట్టేశాడు, ఎంఎల్ కీ దీనికీ ఈపీల మీద ఒక్కసారి కూడా పట్టలేకపోయాడు.

అది 400 గంటలు తిరిగిందో లేదో, దుమ్ము తుడుస్తుంటే గుడ్డ తగిలి కాంటిలీవర్, అంటే ముల్లుని పట్టుకునే సన్న కడ్డీ, వంగిపోయింది. రెండ్రోజులు అన్నం సహించలేదు. మూవింగ్ కాయిల్ కాబట్టి ముల్లు ఇంట్లో మార్చుకునే వీల్లేదు, రీటిప్‌కి, అంటే కొత్త ముల్లు అతికించడానికి, పంపాలి, అడిగిన చోట కొన్నదాంట్లో దాదాపు సగం చెప్పారు. చేయించలేదు. ఆ డబ్బుతో రికార్డులు కడిగే వ్యాక్యూమ్ మెషిన్ కొన్నా, కడిగాక ఎంఎల్ తో వింటే వచ్చిన తేడా ఆ 85,000 తెచ్చినదానికన్నా ఎక్కువ. ఇప్పుడు రెండో ఎంఎల్ ముల్లు మీద 600 గంటలు దాటాయి, చిన్న నోట్‌బుక్‌లో రాసుకుంటున్నా. నాన్న ఈపీల్లో ఇంకా 60 కడగాలి.