లేసర్ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఇది చదవండి: కార్నియా రెండ్రోజుల్లో మానదు

కళ్లద్దాలు వదిలించుకోవడానికి కార్నియాను, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొరను, లేసర్‌తో చెక్కే ఆపరేషన్ లేసిక్. "శుక్రవారం ఆపరేషన్, సోమవారం ఆఫీసు" అని ఈ ప్యాకేజీలు అమ్ముతున్నారు. తీరా డబ్బు కట్టాక, ఆపరేషన్ రోజున "మీ కార్నియా పలచగా ఉంది, పైపొర పద్ధతిలో చేస్తాం" అని సంతకం పెట్టించుకుంటున్నారని ఫిర్యాదులు వస్తున్నాయి. పైపొర పద్ధతి, అంటే పీఆర్‌కే, చెడ్డదేం కాదు. పలచని కార్నియాకు చాలాసార్లు అదే మేలు. కానీ అది మానే తీరు పూర్తిగా వేరు, ఆ సంగతి ముందే చెప్పాలి.

"టచ్‌లెస్", "ఫ్లాప్‌లెస్" అని ప్రచారం చేసేది ఎక్కువగా ఇదే. సుమారు 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎపిథీలియం, అంటే కార్నియా పైపొర, తీసేసి దాని కింద లేసర్ వేస్తారు. చుట్టూ ఉన్న కణాలు పాకుతూ వచ్చి పుండు మూయడానికి 3 నుంచి 5 రోజులు పడుతుంది, అంతవరకూ కంట్లో బ్యాండేజ్ లెన్స్ ఉంచుతారు. మొదటి రెండు మూడు రోజులు మంట, నీళ్లు కారడం, వెలుతురు చూడలేకపోవడం మామూలే. లెన్స్ తీసినా కొన్నాళ్లు మసకే, ఎందుకంటే కణాలు కలుసుకున్న గీత దాదాపు కంటిపాప ఎదురుగానే ఉంటుంది. చూపు కుదురుకోవడానికి మూడు నెలలు, ఒక్కోసారి ఆరు. సెలవు కనీసం వారం పెట్టుకోండి.

నొప్పి తట్టుకోలేక మెడికల్ షాపులో ప్రొపారకైన్ లాంటి తిమ్మిరి చుక్కలు కొని వేసుకోవడం అన్నిటికంటే ప్రమాదం. మాటిమాటికీ వేస్తే ఎపిథీలియం పెరగదు, పుండు లోతవుతుంది, మచ్చ పడి చూపే పోవచ్చు. నొప్పికి మాత్రలు రాయించుకోండి, ఆ చుక్కల జోలికి పోవద్దు.

పైపొర మూసుకున్నంత మాత్రాన పని అయిపోదు. కింద స్ట్రోమా (కార్నియాలోని మందపాటి మధ్యపొర) కణాలు మరమ్మతు మొదలుపెడతాయి. అది శ్రుతిమించితే తెల్లని పొగలాంటి మచ్చ, అంటే హేజ్, వస్తుంది. దాన్ని ఆపడానికే ఆపరేషన్‌లో 0.02 శాతం మైటోమైసిన్ అనే మచ్చను అడ్డుకునే మందు అద్దుతారు, తర్వాత నెలల తరబడి స్టీరాయిడ్ చుక్కలు తగ్గిస్తూ వేయిస్తారు. చూపు బాగుందని మధ్యలో మానేస్తే హేజ్ భయం. చెకప్ లేకుండా వేసుకుంటూ పోతే కంటి ప్రెషర్ పెరుగుతుంది, పైకి ఏమీ తెలియదు. కాబట్టి చెకప్‌లు ఎన్ని, ప్రెషర్ పరీక్ష ప్యాకేజీలో ఉందా, కాగితం మీద రాయించుకోండి. ఎండలోకి వెళ్తే యూవీ ఆపే కళ్లద్దాలు తప్పనిసరి.

లేసిక్‌లో మర్నాటికే చూపు వస్తుంది, నిజమే. కానీ లేసర్ వేయడానికి మూతలా కోసి ఎత్తిన కార్నియా పొర, అంటే ఫ్లాప్, అంచు దగ్గరే గట్టిగా మానుతుంది, మధ్యభాగం మునుపటంత బలంగా ఎప్పటికీ అతుక్కోదు. అందుకే కళ్లు నలపొద్దనేది. దెబ్బ తగిలితే ఏళ్ల తర్వాతా ఫ్లాప్ జరగొచ్చు. నరాలు తెగడంతో కళ్లు పొడిబారడం ఆరు నెలలు, కొందరికి ఏడాది.

మందం లెక్క మీరే వేసుకోండి. కార్నియా 480 మైక్రాన్లు, పవర్ మైనస్ 7 అనుకుందాం. ఫ్లాప్‌కు 110, ఒక్కో డయాప్టర్‌కు (ఒక పవర్‌కు) 14 చొప్పున లేసర్‌కు 98 పోతే మిగిలేది 272. కనీసం 250 ఉండాలంటారు, చాలామంది సర్జన్లు 300 దగ్గర మిగలాలని చూస్తారు. ఇక్కడ లేసిక్‌కు తొందరపెడితే ఆగి, టోపోగ్రఫీ (కార్నియా ఆకారం కొలిచే స్కాన్) ప్రింటు తీసుకుని మరో కార్నియా డాక్టర్‌కు చూపించండి. సాఫ్ట్ కాంటాక్ట్ లెన్సులు తీసి వారం, రెండు వారాలు కాకుండా తీసిన కొలతల్ని నమ్మొద్దు.

ఏ పద్ధతైనా సరే, తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ ఎక్కువైనా, ఎరుపుతో చూపు తగ్గినా, నల్లగుడ్డు మీద తెల్లచుక్క కనిపించినా, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు చూపించుకోండి.