తుప్పును నల్లబరిచే ద్రావణం: మూడు వేసవుల వాడకం తర్వాత

మొదటి వేసవిలో ఈ ద్రావణాన్ని అడిగినవారి దగ్గరా అడగనివారి దగ్గరా పొగిడాను. నాగార్జునసాగర్ వెనుకజలాల్లో, దేవరకొండ వైపు గట్టున ఉంచుకునే నా చిన్న తెరచాప పడవకు అడుగున పోత ఇనుప కీల్ (పడవ ఒరిగిపోకుండా ఆపే బరువైన రెక్క) ఉంది. ఎండాకాలంలో నీరు గట్టు విడిచి లోపలికి పోయినప్పుడు పడవను పైకి లాగి, దుంగల మీద నిలబెట్టి, కీల్‌కు పట్టిన తుప్పు తీసి రంగు వేయడం ఏటా తప్పని పని. ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన ఈ ద్రావణాన్ని కుంచెతో రాయగానే ఇటుక రంగు తుప్పు కాసేపటికే వంటకుండ అడుగులా నల్లబడింది. సుత్తితో, గ్రైండర్‌తో రెండు రోజులు పడే పాట్లు ఇక తీరాయనుకున్నాను.

ఆ మాట కొంత వెనక్కి తీసుకోవాలి. నల్లబడిన చోట స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూస్తే పెచ్చు ఊడి, కింద నుంచి తుప్పు పొడి యథాతథంగా రాలింది. పలుచగా, గట్టిగా అంటుకుని ఉన్న తుప్పునే ఇది ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. పొరలు కట్టిన తుప్పును ముందుగా కొట్టి, గీకి తీయవలసిందే. అదీ వైర్ బ్రష్ ఒక్కదానితో చేస్తే తుప్పు పోవడానికి బదులు మెరుగెక్కి, ఇనుమే బయటపడిందని మనల్ని నమ్మిస్తుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టినది వేరు. రెండో వేసవిలో పడవను పైకి తీసేసరికి కీల్ కుడివైపు రంగు నిండా శనగగింజలంత పొక్కులు ఉన్నాయి, ఎడమవైపు ఒక్కటీ లేదు. రెండు వైపులా అదే ద్రావణం, అదే ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి పూసే, గట్టిగా బిగిసే రంగు) డబ్బా. ఒక పొక్కును గోటితో చీల్చితే సన్నగా నీరు కారింది. పది రోజులు రంగు అమ్మిన దుకాణాన్ని తిట్టుకున్నాను. చివరికి ట్రాక్టర్ ట్రాలీలకు రంగులు వేసే ఒక పెద్దాయన వచ్చి, చేత్తో తడిమి చూసి, "ఏం నీళ్లతోటి కడిగిన్రు సార్?" అని ఒక్క ప్రశ్న అడిగాడు.

అప్పుడు గుర్తుకొచ్చింది. ద్రావణం రాశాక, రంగు వేసేముందు, ఎడమవైపు కృష్ణ నీటిని క్యాన్లతో మోసుకొచ్చి కడిగాను. నడుము పట్టేయడంతో కుడివైపు మాత్రం పక్క చేను బోరునీటితో కానిచ్చాను. మా నల్లగొండ బోరునీటి గురించి, అందులోని ఫ్లోరైడ్ గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. బకెట్ అంచున మిగిలే తెల్లచారలు ఇక్కడ ప్రతి ఇంటికీ తెలుసు. కీల్ మీద ఆరిన ఆ చారలనే దుమ్మనుకుని వాటి పైనే రంగు పూశాను. ఏ రంగు పొరా నీటిని పూర్తిగా ఆపలేదు. పొర కింద లవణాలు మిగిలితే అవి బయటి నీటిని లోపలికి లాగి పొక్కులు లేపుతాయి. ఆమ్లం మిగిలినా పొక్కులు రావచ్చు గానీ, అదే కారణమైతే ఎడమవైపూ రావాలి కదా! సీసా మీద "శుభ్రమైన నీటితో కడగాలి" అని చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. బోరునీరు మా కంటికి శుభ్రంగానే కనిపిస్తుందని ఆ రాసినవారికి ఎలా తెలుస్తుంది?

కుడివైపంతా ఇనుము కనిపించేదాకా గీకి, ద్రావణం రాసి, ఈసారి కృష్ణ నీటితోనే రెండుసార్లు కడిగి, బట్టతో తుడిచాను. మే నెల ఎండకు తడి క్షణాల్లో ఆరిపోయి కొత్త తుప్పు పట్టే వ్యవధి లేకపోయింది. అదే ఎండ ఎపాక్సీ దగ్గర పగ తీర్చుకుంది: కలిపాక ఎంతసేపట్లో వాడెయ్యాలో చెప్పే డబ్బా మీది గడువు 25 డిగ్రీల లెక్క కాబట్టి, మిట్టమధ్యాహ్నం కలిపిన అరడబ్బా నేను టీ తాగి వచ్చేసరికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, కుంచెతో సహా రాయిలా బిగిసింది. మరునాటి నుంచి పొద్దు పొడవకముందే, గ్లాసెడు గ్లాసెడు చొప్పున కలుపుకున్నాను.

మూడో వేసవిలో పొక్కులు లేవు. రాళ్లకు రాసుకునే కింది అంచున మాత్రం అరచేతి మేర తుప్పు కనిపించింది. దానికి ద్రావణాన్ని తప్పుపట్టలేను. అయితే నా పడవ తిరిగేది మంచినీటిలో, అదీ ఏటా కొన్నాళ్లు గట్టు మీద ఎండుతుంది. తుప్పు తిన్న గుంతల్లోకి సముద్రపు ఉప్పు దిగిన కీల్‌కు ఇది సరిపోతుందని చెప్పే ధైర్యం నాకు లేదు. ఇసుక బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక చిమ్మి తుప్పు తీయడం) చేయించుకోగల స్థోమత, దారి ఉన్నవారికి దీని అవసరమే రాదు. అక్కడిదాకా పడవను లారీ మీద మోయించడం నా వల్ల కాదు కనుక వచ్చే వేసవికి ఇంకో సీసా కొంటాను, దానికి ముందు నాలుగు క్యాన్లు కృష్ణ నీరు నింపి పెట్టుకుంటాను.