శింగ్‌యీ, తైచీ: ఈటె వాసన ఎందులో ఎక్కువ?

ఈ రెండు చైనా యుద్ధకళలకూ పుట్టుక దగ్గర ఒకే గొడవ. తైచీని వూడాంగ్ కొండల తావో సాధువు ఝాంగ్ సాన్‌ఫెంగ్‌కు, శింగ్‌యీని సాంగ్ రాజవంశ కాలపు సేనాని యువే ఫేకు అంటగట్టారు. నాకైతే రెండూ పెద్దవాళ్ల పేరు తగిలించుకున్న కథలే. చరిత్రకారులు ఎక్కువగా చూపేది 17వ శతాబ్దాన్ని: తైచీకి హెనాన్‌లో చెన్ వాంగ్‌టింగ్, శింగ్‌యీకి షాన్సీ ఈటె వీరుడు జీ జికే.

ఆయుధం మాటకొస్తే శింగ్‌యీదే పైచేయి. దాని బెంగ్‌చ్వాన్ గుద్దు చూడండి: పిడికిలి నడుము దగ్గర్నుంచి తిన్నగా దూసుకెళ్తుంది, వెనక కాలు ఈడ్చుకుంటూ వస్తుంది. చేతిలో ఈటె పెడితే అదే పోటు. తైచీలోనూ ఈటె, కత్తి ఉన్నాయి. కానీ చెన్ వాంగ్‌టింగ్ వంశపు తైచీ అయిన చెన్ శైలి భంగిమలు చాలావరకు మింగ్ రాజవంశ కాలపు సేనాని చీ జిగ్వాంగ్ సైనిక గ్రంథంలోని ఉత్తచేతుల పాఠాన్ని పోలి ఉంటాయి. పార్కులో మెల్లగా చేతులు తిప్పేవాళ్లను చూస్తే ఇది ఎవరికి తడుతుంది!