మాగ్నా కార్టా వెంట ఇంగ్లండు: ఎక్కడ ఆగాలి, ఏది వదిలేయాలి

1215 జూన్ 15న రన్నీమీడ్ పచ్చికబయల్లో జాన్ రాజు బారన్ల (పెద్ద భూస్వామ్య ప్రభువుల) షరతులకు ఒప్పుకున్నాడు. రాజూ చట్టానికి లోబడాలన్న ఆ ఒప్పందమే మాగ్నా కార్టా. దాన్ని అప్పట్లోనే చాలా ప్రతులు రాయించి పంపారు. వాటిలో ఇప్పటికి మిగిలినవి నాలుగే. రెండు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో, ఒకటి సాల్స్‌బరీ కెథడ్రల్లో, ఒకటి లింకన్ కోటలో ఉన్నాయి. వెళ్ళేవాళ్ళలో చాలామంది రన్నీమీడ్ చూసి, లండన్‌లో ప్రతి చూసి సరిపెట్టుకుంటారు. ఒక్క ఊరికే సమయం ఉంటే మాత్రం లింకన్‌కే వెళ్ళండి.

కారణం ఉంది. 1215 నాటి పత్రం పది వారాలకు మించి నిలవలేదు. ఆగస్టు 24న పోప్ మూడో ఇన్నోసెంట్ దాన్ని కొట్టేశాడు, దేశంలో యుద్ధం మొదలైంది. మరుసటి ఏడాది జాన్ చనిపోయాక, తొమ్మిదేళ్ళ మూడో హెన్రీ పేరిట 1216లో, 1217లో, మళ్ళీ 1225లో దాన్ని సవరించి జారీ చేయబట్టే అది చట్టంగా బతికింది. ఆ మలుపు కళ్ళకు కట్టేది లింకన్‌లోనే.

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి లింకన్‌కు నేరుగా వెళ్ళే రైలైతే సుమారు రెండు గంటలు. కొన్నిటికి న్యూఆర్క్‌లో మారాలి కాబట్టి టికెట్ తీసుకునేటప్పుడే చూసుకోండి. స్టేషన్ కింద, కోటా కెథడ్రలూ గుట్ట మీద. మధ్యలో ఉన్న వీధి పేరే స్టీప్ హిల్. రాళ్ళు పరిచిన నిటారు దారి అది, చక్రాల సూట్‌కేసు లాక్కుంటూ ఎక్కే పని పెట్టుకోవద్దు. టాక్సీలోనో బస్సులోనో పైకి వెళ్ళి, నడక దిగేటప్పటికి ఉంచుకోండి. బస విషయానికొస్తే, పైన బెయిల్‌గేట్ ప్రాంతంలో గదులకు ధర ఎక్కువ, పాత ఇళ్ళు కావడంతో మెట్లు ఇరుకు, లిఫ్టు ఉండకపోవచ్చు. కింద నీటి ఒడ్డున బ్రేఫోర్డ్ దగ్గర చెయిన్ హోటళ్ళు చవక, లిఫ్టులూ ఉంటాయి. పెద్దవాళ్ళు తోడుంటే కింద బస చేయడమే మేలు. ఇద్దరే అయితే పైన ఉండండి, ఉదయం కోట తెరిచేసరికి గేటు దగ్గర ఉండొచ్చు.

కోట ఆవరణలోకి టికెట్ అక్కర్లేదు. పత్రం ఉన్న గదికి, గోడల మీద నడకకు, విక్టోరియా కాలపు జైలుకు కొనాలి. కొనే ముందు ఆ రోజు అసలు పత్రమే ప్రదర్శనలో ఉందా అని అడగండి. పాత తోలు పత్రాలకు వెలుతురు పడదు కనుక అప్పుడప్పుడు లోపల పెట్టేస్తారు. గదిలో వెలుతురు తక్కువ, కళ్ళు సర్దుకోవడానికి కాసేపు పడుతుంది. ఒకే తోలు మీద సుమారు 3,500 లాటిన్ మాటలు, పొదుపు కోసం అడుగడుగునా సంక్షేపాలు, పేరాలు లేవు, అంకెలు లేవు. ఇప్పుడు మనం చెప్పుకునే 63 క్లాజుల లెక్క 1759లో న్యాయ పండితుడు బ్లాక్‌స్టన్ వేసింది. అందుకే ఫోన్లో అనువాదం దించుకుని వెళ్ళాలి, లేకపోతే చూసేది గోధుమరంగు తోలు ఒక్కటే. ముందుగా చదవాల్సిన క్లాజులు: మండలి సమ్మతి లేకుండా పన్ను వేయనని చెప్పే 12, నేరానికి తగినంతే జరిమానా అని, పల్లె రైతు సేద్యపు సాధనాల జోలికి పోకూడదని చెప్పే 20, తోటివారి తీర్పో దేశ చట్టమో లేకుండా స్వతంత్రుణ్ణి పట్టి బంధించకూడదనే 39, న్యాయాన్ని అమ్మను, నిరాకరించను, ఆలస్యం చేయను అనే 40.

అదే గదిలో 1217 నాటి అటవీ చార్టర్ (రాజు పేరిట ఇచ్చిన హక్కుల పత్రం) కూడా ఉంటుంది. దాని అసలు ప్రతులు ప్రపంచంలో రెండే, రెండోది డరమ్‌లో. జనం దీన్ని దాటేసి వెళ్ళిపోతుంటారు, బాధ కలుగుతుంది. రాజు అడవిలో జింకను కొట్టినందుకు ఇకపై ప్రాణం గానీ అవయవం గానీ తీయకూడదని, జరిమానాతో సరిపెట్టాలని, కట్టలేకపోతే ఏడాది పైన ఒక రోజు జైలని ఇందులో రాశారు. బారన్ల పన్నుల గొడవ కంటే మామూలు మనిషికి దగ్గరైన పత్రం ఇది.

తర్వాత గోడ ఎక్కండి. 1217 మే 20న ఈ గోడల చుట్టూనే యుద్ధం జరిగింది. తిరగబడ్డ బారన్లు పిలిపించిన ఫ్రెంచి రాకుమారుడు లూయీ పక్షం ఊరిని పట్టుకుని కోటను ముట్టడిస్తే, లోపల నిలబడి కాపాడింది కోట అధికారిణి నికోలా డి లా హే. బాలరాజు హెన్రీ తరఫున పాలన చూస్తున్న డెబ్బయ్యేళ్ళ విలియం మార్షల్ సేనతో వచ్చి గెలిపించాడు. ఆ గెలుపు తర్వాతే ఆ ఏడాది చివర్లో సవరించిన మాగ్నా కార్టా, అటవీ చార్టర్ రెండూ జారీ అయ్యాయి. ఇది తెలుసుకున్నాక లండన్ టెంపుల్ చర్చిలో ఆ మార్షల్ రాతి ప్రతిమ చూస్తే దాని విలువ తెలుస్తుంది. 1941 బాంబు దాడిలో అక్కడి ప్రతిమలు బాగా దెబ్బతిన్నాయి. ఆ చర్చి వేళలు వారం వారం మారుతుంటాయి, చూసుకోకుండా వెళ్తే తలుపు మూసి ఉండొచ్చు.

రెండో స్థానం సాల్స్‌బరీకి. లండన్ వాటర్లూ నుంచి సుమారు గంటన్నర. కెథడ్రల్ శిఖరం 123 మీటర్లు, బ్రిటన్‌లో ఇదే ఎత్తైనది. మాగ్నా కార్టా ఉండేది కెథడ్రల్ సభామందిరమైన చాప్టర్ హౌస్‌లో, ఫోటోలు తీయనివ్వరు. నాలుగింటిలో బాగా భద్రంగా మిగిలింది ఇదే, పుస్తక లేఖకుల ముచ్చటైన దస్తూరి. 2018లో ఒకతను అద్దాల పెట్టెను సుత్తితో కొట్టాడు, పత్రానికి ఏమీ కాలేదు. ఆదివారం ప్రార్థనల వల్ల సందర్శన సమయం తగ్గిపోతుంది కాబట్టి వారం మధ్యలో వెళ్ళండి. స్టోన్‌హెంజ్ కూడా కలుపుకుంటేనే రాత్రి బస అవసరం.

బ్రిటిష్ లైబ్రరీ ట్రెజర్స్ గ్యాలరీకి ప్రవేశం ఉచితం, రైలుకు ముందో వెనకో రెండు గంటలు చాలు. 1731 అగ్నిప్రమాదంలో పాడైన ప్రతి వీళ్ళదే. నాలుగింటిలో రాజముద్ర కాస్తయినా మిగిలింది దానికే, అదీ కరిగిన ముద్దలా. అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే యూస్టన్ వెనక డ్రమండ్ స్ట్రీట్‌లో శాకాహార భోజనం దొరుకుతుంది.

ఇక రన్నీమీడ్. వాటర్లూ నుంచి ఎగమ్ స్టేషన్‌లో దిగి అరగంట లోపు నడక. 1215 నాటి కట్టడం అంటూ ఏదీ లేదు, ఉన్నవన్నీ తర్వాతివే. చలికాలంలో థేమ్స్ పొంగితే పచ్చిక బురదే, వాటర్‌ప్రూఫ్ బూట్లు తప్పనిసరి. కెన్నెడీ స్మారకానికి 50 రాతి మెట్లు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు కష్టం. పచ్చికలోని పన్నెండు కంచు కుర్చీల మీద కూర్చోవచ్చు, వాటిలో ఒకదాని మీద మన తొలి మహిళా న్యాయవాది కార్నీలియా సొరాబ్జీ రూపం ఉంది. గుండ్రటి రాతి గదిలోని నీటి మడుగు చుట్టూ 39వ క్లాజును తిరగేసి చెక్కారు. నీళ్ళలో ప్రతిబింబంగానే చదవాలి, గాలి లేని పూట వెళ్తేనే అక్షరాలు నిలుస్తాయి.

తెలుగువాళ్ళు తప్పక వెతకాల్సింది అమెరికన్ న్యాయవాదుల స్మారకం దగ్గరి ఓక్ చెట్టు. 1994 మార్చి 16న ప్రధాని పి.వి. నరసింహారావు నాటినది. పక్కనున్న ఫలకంలో స్వేచ్ఛ, ప్రజాస్వామ్యం, చట్టబద్ధ పాలన భారత ప్రజలు రాజ్యాంగంలో పొందుపరచుకున్న విలువలని రాశారు. ఇక్కడ ఒక్క మాట మరవకూడదు. 39వ క్లాజు రాసినప్పుడు అది స్వతంత్రులకే, వెట్టిలో ఉన్న రైతుకు కాదు. ఏ హోదా వాడికైనా వర్తిస్తుందని చట్టం చెప్పింది 1354లో. ప్రాణానికీ స్వేచ్ఛకూ రక్షణనిచ్చే మన రాజ్యాంగం 21వ అధికరణం దాకా వచ్చిన దారి అలా విస్తరించినదే.

వెస్ట్‌మినిస్టర్ హాల్ తీరిక ఉంటేనే. 1097లో కట్టారు, మొదటి చార్లెస్ రాజు విచారణ, వారన్ హేస్టింగ్స్ విచారణ జరిగింది అక్కడే. పర్యటన టికెట్ ముందే కొనాలి, పార్లమెంటు జరిగే రోజుల్లో వేళలు తగ్గిపోతాయి.

రైలు ఖర్చు తగ్గాలంటే లింకన్‌కు అడ్వాన్స్ టికెట్ కొనండి, కానీ అది టికెట్లో రాసిన ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. ఇద్దరు కలిసి తిరిగితే టూ టుగెదర్ రైల్‌కార్డుతో మూడో వంతు తగ్గుతుంది, పనిరోజుల్లో ఉదయం 9:30 దాటాకే. రైలు ఆలస్యమైతే పరిహారం అడగొచ్చు, టికెట్ ఫోటో తీసి ఉంచుకోండి.